డిక్కీలో వాహనం

విశ్వంభరరావు గారు మా జిల్లాకు ఉప రవాణా కమిషనరుగా రాకముందు, బండికి ఇంజను మార్చుకోవడమంటే మా ఆఫీసులో పది నిమిషాల పని. యజమాని దరఖాస్తు తెచ్చేవాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తి నంబరు సరిచూసేవాడు. నేను రిజిస్టరులో పాత నంబరు మీద ఎర్రగీత కొట్టి, పక్కన కొత్త నంబరు రాసేవాణ్ణి. నా పేరు పానకాలరావు. మల్లవరపుకోట రవాణా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై రెండేళ్ళు అట్లా గీతలు కొట్టాను. అది ఎంత అజ్ఞానమో ఆయన వచ్చాకే తెలిసింది.

ఆయన ఏదో మూడురోజుల శిక్షణా తరగతులు ముగించుకుని నేరుగా మా ఆఫీసుకి వచ్చారు. అక్కడ ఎవరో "గుర్తింపు" అనే అంశం మీద ఉపన్యసించారట. ఆ వేడి ఇంకా తగ్గలేదు. చేరిన రోజే సిబ్బందిని సమావేశపరిచి, "వాహనమంటే ఏమిటి?" అని అడిగారు.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు పరంజ్యోతి లేచి, "చక్రాలుండి కదిలేదండీ" అన్నాడు.

"చక్రాలు మార్చవచ్చు. తలుపులు మార్చవచ్చు. రంగు మార్చవచ్చు. అయినా వాహనం అదే. మరి ఏది మారితే వాహనం మారుతుంది? ఇంజను! సారభూతమైన అంశం ఇంజను! తతిమ్మాదంతా తొడుగు."

ఎవరూ కాదనలేదు. భోజనాల వేళకి దగ్గర్లో సమావేశం పెడితే మా ఆఫీసులో ఎవరూ దేన్నీ కాదనరు.

సాయంత్రానికి సర్క్యులరు నేనే టైపు చేశాను. "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునదేమనగా, ఇంజనే వాహనము. ఇంజను ఎచ్చట ఉండునో వాహనము అచ్చటనే ఉన్నట్లు పరిగణించవలెను. ఈ విషయమున ఎట్టి ఉత్తరప్రత్యుత్తరములకు తావు లేదు." దాన్ని నోటీసు బోర్డు మీద అంటించాం. ఒక ప్రతి రాజధానిలోని పై కార్యాలయానికి పంపాం.

సర్క్యులరు గోడకెక్కిన వారానికి యల్లమంద కారు ఇంజను పోయింది.

యల్లమంద మా ఊళ్ళో అద్దె కారు నడుపుతాడు. యాభై దాటిన మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు, నెమ్మదిగా నడుపుతాడు. వారంలో మూడు రోజులు అతనికి ఒకటే కిరాయి. ముగ్గురు కిడ్నీ రోగులను పొద్దున్నే గుంటూరు తీసుకెళ్ళి, డయాలసిస్ అయ్యేదాకా ఉండి, మళ్ళీ ఇళ్ళకు చేర్చడం. ఆ ముగ్గురిలో సామ్రాజ్యమ్మ గారు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. నాకు ఐదో తరగతిలో లెక్కలు చెప్పారు. ఖాదర్ బాషా బజార్లో టైలరు. కోటేశ్వరి మిరప యార్డులో తొడిమలు తీసే కూలి. ముగ్గురూ ఒక సీటులో కూర్చుని వెళ్ళివచ్చీ వచ్చీ ఒక ఇంటివాళ్ళలాగా అయిపోయారు.

ఇంజను దారిలోనే ఆగిపోతే లారీకి కట్టి నాగుల్ మీరా షెడ్డుకి లాక్కొచ్చారు. ఆ రోజు నా స్కూటరు బ్రేకులు వేయించుకోవడానికి నేనూ అక్కడే ఉన్నాను.

నాగుల్ మీరా మా ఊరి మెకానిక్కుల్లో పెద్దవాడు. ఇంజను విప్పి చూసి పెదవి విరిచాడు. "సిలిండర్లన్నీ గీసకపోయినయ్యి యల్లమందా. ఒకసారి బోరు కొట్టించావ్, రెండోసారి కొట్టిస్తే మిగిలేది రేకే. మార్చేద్దాం. నా కాడ రెండు జపాను ఇంజన్లున్నయ్యి, యాక్సిడెంటు బళ్ళల్లోంచి తీసినయ్యి. రెండూ కొలతకి సరిపోతయ్యి."

రెంటినీ ఇనుప స్టాండ్ల మీద పక్కపక్కన బిగించి ఉంచాడు. "ఇదుందే, పదహారు వాల్వులది. తేలిక. తిరిగేకొద్దీ రెచ్చిపోద్ది. ఐదువేల తిరుగుళ్ళు దాటిందంటే ఇక దాన్ని పట్టేవోడు లేడు. మైలేజీ ఇచ్చుద్ది. ఇదేమో ఎనిమిది వాల్వులది, పాతకాలపుది. ఉరకదు. బలమంతా కిందనే ఉంటది. టైమింగుకి బెల్టు కాదు, చైను. తెగే రకం కాదు."

"ఐదువేల తిరుగుళ్ళు నేనేడ తిప్పాలయ్యా?" అన్నాడు యల్లమంద. "మన రోడ్డు మీద గుంటకీ గుంటకీ మధ్యన మూడో గేరు పడితే గొప్ప. కాకపోతే మైలేజీ అంటున్నావు..."

కారులోంచి దిగి గోడవార స్టూలు మీద కూర్చున్న సామ్రాజ్యమ్మ గారు, "రెంటినీ స్టార్టు చెయ్యి నాయనా" అన్నారు. లేచి, కూజా దగ్గరున్న స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పట్టుకొచ్చారు.

"తాగుతారా అమ్మా?" అన్నాడు యల్లమంద కంగారుగా.

"నాకు రోజుకింతని కొలత పెట్టారు కదా, తాగే రాత లేదు. ఇట్టాగన్నా పనికిరానీ."

పదహారు వాల్వుల ఇంజను మీద గ్లాసు పెట్టి, నాగుల్ మీరాని కాస్త రేజు చేయమన్నారు. నీళ్ళు ఎగిరి చింది, గ్లాసు చిన్నగా జరుగుతూ అంచుదాకా పోయింది. మళ్ళీ నింపి రెండోదాని మీద పెట్టారు. నీటి మీద సన్నటి వలయాలు లేచాయి, అంతే. గ్లాసు పెట్టినచోటే ఉంది.

"ఇది పెట్టించు యల్లమందా. డయాలసిస్ అయినాక వచ్చేటప్పుడు కడుపులో దేవినట్టుంటది మాకు. అదరకపోవడమే మాకు స్పీడు."

నాగుల్ మీరా ఆవిడ వంక గౌరవంగా చూశాడు. ఇంజన్లను ఎంచడంలో అంతకన్నా సూటి పద్ధతి అతనికీ తెలిసినట్టు లేదు. మూడు రోజుల్లో మౌంటింగులు మార్చి, రేడియేటరు గొట్టాలు సరిచేసి, ఇంజను కూర్చోబెట్టాడు. నాలుగోరోజు యల్లమంద పద్ధతి ప్రకారం దరఖాస్తు పట్టుకుని మా ఆఫీసుకి వచ్చాడు. అదీ అతను చేసిన పొరపాటు.

విశ్వంభరరావు గారు దరఖాస్తు రెండుసార్లు చదివి, "మీ వాహనం ఎక్కడుంది?" అన్నారు.

"బయట వేపచెట్టు కింద పెట్టానండీ."

ఆయన కిటికీలోంచి చూశారు. "అది మీ వాహనం కాదు. మీ వాహనం ఎక్కడుంది?"

యల్లమంద కూడా కిటికీలోంచి చూశాడు. పసుపు నంబరు పలక, ముందు అద్దం మీద కోటప్పకొండ స్వామి బొమ్మ, వెనక సీటులో ఖాదర్ బాషా కుట్టిచ్చిన దిండు. తన కారులాగే ఉంది.

"పాత ఇంజను ఏం చేశారు?" అని అడిగారు సారు.

"షెడ్డులో ఓ మూల పడేశాం సార్, గోతాం కప్పి."

"అదీ! అది మీ వాహనం. పర్మిట్ దానిది, రిజిస్ట్రేషన్ దానిది. దానిని మూల పడవేశామని నా ఎదుటే చెబుతున్నారు. పైగా దాని ఫిట్‌నెస్ గడువు ఈ నెలాఖరుతో ముగుస్తున్నది. తనిఖీకి హాజరుపరచండి."

"మరి ఆ చెట్టుకిందదండీ?"

"అది జపాను దేశపు వాహనం. ప్రస్తుతానికి అనామకం. దాని మొదటి నమోదు జరిగిన కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోండి, పరిశీలిస్తాం."

"జపాను నుంచాండీ?"

"ఎందుకు కంగారు? అక్కడా మనవంటి కార్యాలయాలే ఉంటాయి," అన్నారు సారు, ఆ దేశాన్ని దీవిస్తున్నట్టుగా.

నేను గొంతు సవరించుకుని, ఇదివరకు ఎర్రగీత కొట్టేవాళ్ళమని మనవి చేశాను. "పానకాలరావ్, మీరు ఇరవై రెండేళ్ళుగా వాహనాలను చంపి, వాటి పేర్లు వేరేవాటికి పెడుతున్నారు. ఆ సంగతి బయట చెప్పకండి" అన్నారు. చెప్పలేదు.

నెలాఖరున యల్లమంద పాత ఇంజనును తోపుడుబండి మీద తనిఖీ మైదానానికి తెచ్చాడు. పరంజ్యోతి మంచివాడు, ఉద్యోగం కూడా ఉన్నవాడు. ఫారం తీసి ఒక్కొక్క గడీ నింపుతుంటే నేను పక్కన నిలబడి స్టాంపు పట్టుకున్నాను.

"హెడ్‌లైట్లు?" అని తనలో తాను అడిగి, "లేవు, కనుక లోపము లేదు" అని రాశాడు. "పొగ: శూన్యము. శబ్దము: శూన్యము. వేగపరిమితి: ఏ సందర్భములోను మీరలేదు. బ్రేకులు..." ఇక్కడ ఆగాడు.

"ఓసారి నెట్టి చూడండి సార్," అన్నాడు యల్లమంద విసుగ్గా.

పరంజ్యోతి ఇంజనును రెండు చేతులతో నెట్టాడు. కదల్లేదు. "బ్రేకులు: అత్యుత్తమము" అని రాసి సంతకం చేశాడు.

ఫలితం చూసి విశ్వంభరరావు గారు పరవశించిపోయారు. జిల్లాలో ఏ లోపమూ లేని వాహనం ఇదొక్కటేనట. ఆ వారంలోనే సిద్ధాంతం ఇంకా బలపడింది. బైపాస్ పక్కన ఆపిన ఒక లారీ ఇంజనును దొంగలు విప్పుకుపోయారు. యజమాని ఏడుస్తూ వస్తే, లారీ మా కళ్ళెదుటే నిలబడి ఉన్నా, లారీ పోయిందనే రాసుకున్నాం. మిగిలింది ఎవరిదో తేలేదాకా రోడ్డుకి అడ్డమని దాన్ని జప్తు చేశాం.

ఈలోగా, అనామకం కనుక రోడ్డెక్కరాదని, యల్లమంద కారు మా ఆఫీసు వేపచెట్టు కిందే ఉండిపోయింది. ముగ్గురు రోగులూ బస్సెక్కారు. రెండోసారి వచ్చేటప్పుడు ఖాదర్ బాషా గుంటూరు బస్టాండులో కళ్ళు తిరిగి పడిపోయాడు. నుదురు చిట్లి నాలుగు కుట్లు పడ్డాయి. ఊరందరికీ కుట్లు వేసేవాడు, తనకి వేస్తుంటే నవ్వబోయి నవ్వలేకపోయాడట.

మర్నాడు యల్లమంద, సామ్రాజ్యమ్మ గారు కలిసి సారు గదికి వచ్చారు. యల్లమంద మొదటిసారి గొంతు పెంచాడు. "పర్మిటున్నదేమో నడవదు. నడిచేదానికేమో పర్మిటు లేదంటున్నారు. ఈళ్ళని నేనెట్టా తీసకపోవాలి సార్? చచ్చిపోతారు!"

"పర్మిట్ గల వాహనంలో తీసుకువెళ్ళండి. ఎవరు వద్దన్నారు?"

సామ్రాజ్యమ్మ గారు కుర్చీలో కూర్చుని, ఊపిరి తీసుకుని, పిల్లవాడిని లెక్క అడిగినట్టు అడిగారు. "ఇంజను ఎక్కడుంటే వాహనం అక్కడున్నట్టేనా నాయనా?"

"అక్షరాలా."

"ఆ వాహనానికి గుంటూరు పోయే పర్మిటుందా?"

"నిస్సందేహంగా."

"ఆ మాట రాసివ్వు."

తన సిద్ధాంతాన్ని రాసివ్వమని ఒక పౌరురాలు అడగడం ఆయనకు అదే మొదలు. సంతోషంగా రాసిచ్చారు. నేను స్టాంపు వేశాను.

ఆ మర్నాడు నాగుల్ మీరా పాత ఇంజనును చైన్‌బ్లాకుతో ఎత్తి కారు డిక్కీలో దించాడు. మూత పడలేదు, తాడుతో కట్టాడు. ముందు బతికున్న జపాను ఇంజను, వెనక చచ్చిపోయిన సొంత ఇంజను, మధ్యలో ముగ్గురు మనుషులు. వెనక టైర్లు అణిగిపోయి కారు ముక్కు ఆకాశం వంక చూస్తూ బయల్దేరింది.

బైపాస్ దగ్గర పరంజ్యోతి ఆపాడు. బానెట్ ఎత్తి, "ఇది అనామకం కదయ్యా" అన్నాడు. యల్లమంద అతన్ని వెనక్కి తీసుకెళ్ళి తాడు విప్పాడు. పరంజ్యోతి వంగి నంబరు తుడిచి చూశాడు. సరిపోయింది. ఫిట్‌నెస్ తాను ఇచ్చిందే. సారు రాసిచ్చిన కాగితమూ ఉంది.

"మరి ఆ ముందుండేది ఏందమ్మా?" అని సామ్రాజ్యమ్మ గారిని అడిగాడు.

"మా సామాను," అన్నారావిడ.

పరంజ్యోతి నివేదికలో అట్లాగే రాశాడు: "వాహనము డిక్కీయందు క్షేమముగా ఉన్నది. బానెట్ క్రింద ఉన్నది సామాను." ఆ సాయంత్రం విశ్వంభరరావు గారు దాని కింద "ధ్రువీకరించడమైనది" అని ఆకుపచ్చ సిరాతో రాశారు. తన సర్క్యులరును ఇంత శ్రద్ధగా పాటించిన నివేదిక అదొక్కటేనన్నారు.

అయితే ఆ పొద్దున బైపాస్ దగ్గరే, కాగితాలన్నీ సరిపోయాక, బరువు దగ్గర చిక్కు వచ్చింది. కారులో డ్రైవరు కాక నలుగురికి అనుమతి. ఇంజను ఇద్దరి బరువు. ముగ్గురూ ఇద్దరూ ఐదు.

"ఎవరో ఒకరు దిగాలి," అన్నాడు పరంజ్యోతి, ఎవరి ముఖమూ చూడకుండా.

"ఆ ఇనుమును దింపితే పోలా?" అంది కోటేశ్వరి.

"వాహనాన్ని దింపితే మీరు వాహనం లేకుండా పోయినట్టవుద్దమ్మా. మనిషినే దింపాలి."

ఆ రోజు కోటేశ్వరి దిగింది. తర్వాతిసారి ఖాదర్ బాషా. ఆ తర్వాత, ఇద్దరూ వద్దంటున్నా వినకుండా, సామ్రాజ్యమ్మ గారు. వంతులేసుకున్నారు. వంతు వచ్చినవాళ్ళు బస్సులో నిలబడి పోయి, వేళ దాటాక చేరేవాళ్ళు. ఆలస్యమైతే ఆసుపత్రిలో మంచం వేరేవాళ్ళకి ఇచ్చేవారు. మూడు వారాలు గడిచేసరికి ఖాదర్ బాషా కాళ్ళు చెప్పులు పట్టనంతగా వాచాయి. నా ప్యాంటు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు చూశాను. మిషను తొక్కలేక, గుడ్డ ఒళ్ళో పెట్టుకుని చేత్తో కుడుతున్నాడు. "కొంచెం లేటవుద్ది పానకాలు గారూ, ఏమనుకోబాకండి," అన్నాడు. ఏమనుకోను? ఆయన్ని బండి దింపిన కాగితం మీద ఉన్న స్టాంపు నేను వేసిందే.

అప్పుడు రోడ్డు భద్రతా వారోత్సవాలు వచ్చాయి.

యల్లమంద వాహనాన్ని "ఆదర్శ వాహనం"గా సత్కరించాలని విశ్వంభరరావు గారు నిర్ణయించారు. ఉదయం తొమ్మిదింటికి వాహనాన్ని సభాస్థలికి తీసుకురావాలని తాఖీదు పంపారు. ఆరోజు డయాలసిస్ ఉంది సార్ అని నేను గుర్తుచేశాను. "అరగంటలో ముగిస్తాం. సన్మానం వద్దంటే పర్మిట్‌ను పునఃపరిశీలించవలసి వస్తుంది," అన్నారు.

నలుగురు మనుషులు ఇంజనును డిక్కీలోంచి ఎత్తి వేదిక మీద బల్లపై పెట్టారు. పట్టుగుడ్డ కప్పి, బంతిపూల దండ వేశారు. పక్క కుర్చీలో శాలువా కప్పుకుని యల్లమంద కూర్చున్నాడు. ఇంజను దిగిపోయింది కనుక ఆ కాసేపూ కారులో ముగ్గురికీ చోటు దొరికింది, షామియానా బయట అందులోనే కూర్చుని ఎదురుచూస్తున్నారు. మూడు వందల మంది బడిపిల్లలూ ఆటో డ్రైవర్లూ ఎండలో కూర్చున్నారు.

"ఈ వాహనం ఎవరినీ ఢీకొనలేదు. ఎర్రదీపాన్ని దాటలేదు. గాలిని కలుషితం చేయలేదు. ఈ జిల్లాలోని ప్రతి వాహనమూ ఇట్లా కావాలన్నది నా స్వప్నం!" అంటూ సారు అందుకున్నారు.

తొమ్మిదీ నలభై అయ్యింది. సామ్రాజ్యమ్మ గారు కారు అద్దం దించి నన్ను చెయ్యూపి పిలిచారు. "పానకాలూ, మీ సారు ఎంతసేపు మాట్లాడతాడు?"

"ఏడు పేజీలు టీచర్. నేనే టైపు చేశాను. రెండో పేజీలో ఉన్నారు."

"ఖాదరు వంక చూడు."

చూశాను. సీటుకి తల ఆనించి, నోరు తెరిచి, చేపలాగా గాలి కోసం లాగుతున్నాడు. కోటేశ్వరి కొంగుతో విసురుతోంది.  

మంచినీళ్ళ సీసా పట్టుకుని వేదిక ఎక్కాను. సీసా సారుకి అందించి, యల్లమంద దగ్గర వంగి, "వాహనాన్ని ఇక్కడే ఉండనీ. నువ్వు సామాను వేసుకుని పో," అన్నాను.

 యల్లమంద లేచి, వేదిక వెనక మెట్లు దిగి, శాలువాతోనే వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. వెనక బరువు లేని కారు తేలిగ్గా కదిలింది. ఆ జపాను ఇంజను చప్పుడు సారు ఉపన్యాసంలో ఎవరికీ వినపడనే లేదు.

విషయం తెలిశాక విశ్వంభరరావు గారు మండిపోయారు. "వాహనం లేకుండా ప్రయాణం! పట్టపగలు! నా ఎదుట! కేసు రాయండి!"

రాయడానికి కూర్చున్నాను. ఫారంలో మొదటి గడి: నేరము చేసిన వాహనము. సర్క్యులరు ప్రకారం ఆ వాహనం, నేరం జరిగిన సమయంలో, వేదిక మీద దండ వేసుకుని మూడు వందల మంది సాక్షుల ఎదుట నిలిచి ఉంది. రెండో గడి: వేగము. శూన్యము. అక్కడినుంచి వెళ్ళినదేమిటంటే, సారు స్వహస్తంతో ధ్రువీకరించిన ప్రకారం, సామాను. సామాను తరలిపోయినందుకు ఏ సెక్షను పెట్టాలో తెలియజేయవలసిందిగా కోరుతూ ఫైలు ఆయన ముందు పెట్టాను.

ఆయన ఫైలు రెండుసార్లు చదివారు. "సర్క్యులరును సవరిస్తే?" అన్నారు నెమ్మదిగా.

"రాష్ట్రమంతటా అమలు చేస్తామని మొన్ననే పైనుంచి అభినందన వచ్చింది గదండీ. మీ పదోన్నతికి దాన్నే జతపరిచాం."

సారు కలం మూత తీసి, "నేరము జరగలేదు" అని ఆకుపచ్చ సిరాతో రాశారు. నెల తిరిగేసరికి పదోన్నతి మీద రాజధానికి వెళ్ళిపోయారు.

ఖాదర్ బాషా ఆ రోజు వేళకు చేరాడు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపారు. వాపు తగ్గి మళ్ళీ మిషను తొక్కుతున్నాడు. వేదిక మీది ఇంజను మా ఆఫీసు వరండాలో ఉంది. ఏటా పరంజ్యోతి దాన్ని ఓసారి నెట్టి చూసి ఫిట్‌నెస్ ఇస్తున్నాడు, నేను స్టాంపు వేస్తున్నాను.

యల్లమంద బండిని ఇప్పుడు ఎవరూ ఆపరు. వాహనం మా వరండాలో ఉంది కనుక, అది రోడ్డు మీద లేదు. మా రికార్డుల ప్రకారం ఆ ముగ్గురూ, సామాను వెంటబెట్టుకుని, వారానికి మూడుసార్లు గుంటూరుకు నడిచి వెళ్తున్నారు. యాభై రెండు కిలోమీటర్లు. గంటా పది నిమిషాల్లో చేరుతున్నారు.